రోహిణి కార్తెలో కోసిన గడ్డి

చిదంబరం మాస్టారు ఎవరి ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, తనకు తెలిసిన ఎవరి సంగతో మొదలుపెట్టేవారు. రాజమండ్రిలో ఆయన వీధి అరుగు మీద ఆదివారం పొద్దుట గీత చదువుకోవడానికి కూడే ఐదారుగురం దానికి అలవాటు పడ్డాం. అందరిలోకీ పాత శిష్యుడు సుందరరామం. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఒక ఆదివారం పుస్తకం మూసేశాక ఆయన అడిగాడు.

"గురువుగారూ, మా తమ్ముడితో మాటలు లేక పదకొండేళ్లయింది. ఆనాడు తప్పు నాదే. వాడి మీద నాకు ఇసుమంత కోపం లేదు. రోజూ వాడి క్షేమం కోరుకుంటూనే ఉన్నాను. ఇంత శుద్ధమైన మనసుతో ఎదురుచూస్తుంటే వాడు ఎందుకు రాడండీ?"

మాస్టారు అతని ముఖం చూసి చెప్పిన సంగతి ఇది.

కోదండపాణి అని ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినాయన ఉండేవాడు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఇంటి ముందున్న ఖాళీ జాగాలో పచ్చిక వేశాడు. అదే ఆఫీసులో పనిచేసిన సోమలింగం ఆయనకు ఒకే ఒక్క స్నేహితుడు. ఇద్దరూ కడియం వెళ్లి నర్సరీలో గడ్డి పిలకలు తెచ్చి, గొంతుక్కూర్చుని జానెడు దూరంలో ఒక్కొక్కటీ నాటారు. ఏ కాలం పని ఆ కాలంలో చేసేవారు. తొలకరికి ముందు నేలంతా పొడిచి, ఎర్రమట్టీ మాగిన పశువుల ఎరువూ జల్లెడ పట్టి చల్లేవారు. వానాకాలం తుంగను గడ్డతో సహా పెరికేవారు. చలికాలం రాలిన ఆకులు ఊడ్చి, కోత తగ్గించేవారు. సాయంత్రాలు ఆ గడ్డి మీద కూర్చుని ఏమీ మాట్లాడుకోకపోయినా వాళ్లకు పొద్దుపోయేది.

ఒక ఏడు మాఘమాసంలో సోమలింగం భార్య పోయింది. ఎనిమిది నెలలు మంచాన ఉంటే అన్నీ ఆయనే చేశాడు. ఆ మే నెలలో కోదండపాణి మేనకోడలి పెళ్లికి విజయనగరం వెళ్తూ, పది రోజులు పచ్చిక చూడమని స్నేహితుడికి అప్పగించాడు. సోమలింగానికి ఇంట్లో ఊపిరాడేది కాదు. పొద్దున్నే వచ్చి నీళ్లు పెట్టి, చీకటి పడేదాకా అక్కడే ఉండేవాడు. స్నేహితుడు వచ్చేసరికి నున్నగా కనబడాలని, రేపొస్తాడనగా కత్తెర పట్టి గడ్డిని నేలబారున కోశాడు. ఎండాకాలంలో రెండంగుళాలు వదలాలని ఆయనకు తెలియనిది కాదు. ఆ రోజుల్లో ఆయనకు ఏదీ గుర్తుండేది కాదు, అంతే. రోహిణి కార్తె ఎండ. రైలు రద్దయి కోదండపాణి ఒకటిన్నర రోజు లేటుగా దిగాడు. అప్పటికి గడ్డి అంతా మాడి ఎర్రబడింది.

ప్రయాణపు బడలికలో గేటు దగ్గరే నిలబడి ఆయన ఒక మాట అన్నాడు.

"నీ చెయ్యి పడితే ఏదీ బతకదురా!"

అన్న మరుక్షణం ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకు తెలిసింది. సోమలింగం కత్తెర గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలు తిరక్కుండా ధవళేశ్వరంలో కూతురి ఇంటి పక్కన చిన్న ఇల్లు చూసుకుని మారిపోయాడు.

ఆరుద్రలో వానలు పడ్డాయి. వేళ్లు బతికే ఉన్నాయి కాబోలు, ఇరవై రోజుల్లో పచ్చిక మునుపటికంటే ఒత్తుగా లేచింది. కోదండపాణి సంతోషించాడు. ఏదో ఒకనాడు సోమలింగం ఇటు వస్తాడు, ఇది చూస్తాడు, నా మనసులో ఏమీ లేదని అర్థం చేసుకుంటాడు, అనుకున్నాడు. కబురు పెట్టలేదు. ఏమని పెట్టాలో తెలియలేదు. ఆరేళ్లు ఒక్క పని తప్పకుండా పచ్చికను సాకాడు. సాయంత్రం దాని అంచున కూర్చుని గేటు వైపు చూసేవాడు. ఎవరో ఒకరు గేటు ముందు నడుస్తూనే ఉండేవారు. ఎవరూ ఆగేవారు కాదు.

ఏటా ఎరువు ఫోను చేసి తెప్పించుకునేవాడు. ఏడో ఏడు బండి రాకపోతే తనే కడియం వెళ్లాడు. నర్సరీ నడిపే నూకరత్నం ఆయన్ని గుర్తుపట్టింది.

"మీ గడ్డి బానే ఉందాండీ? సోమలింగంగారు అడుగుతుంటారు. ఏటా తొలకరికి వచ్చి అదే అడిగెళ్తారు, పాణి ఇంట్లో గడ్డి మళ్లీ లేచిందా అని. ఎరువు తెప్పించుకుంటున్నారు కదండీ, లేచే ఉంటదంటాను. వెళ్లి చూడకపోయారా అంటే తలొంచుకుంటారు. ఈ ఏడు కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చూపు ఆనట్లేదంట."

కోదండపాణి ఎరువు సంగతి మరిచిపోయి అక్కణ్ణుంచి అటే ధవళేశ్వరం ఆటో ఎక్కాడు.

సోమలింగం ఇంటి ముందు పెద్ద జాగా. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు. తులసి మొక్క కూడా లేదు. వీధి గదిలో సోమలింగం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, "ఎవరండీ?" అన్నాడు.

"నేనురా, పాణిని." కోదండపాణి వెనక్కి తిరిగి జాగా వైపు చూశాడు. "ఇదంతా సిమెంటు చేయించావేమిరా?"

"నేను నాటితే బతకవు కదా అని," అన్నాడు సోమలింగం. నిష్ఠూరంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు.

"ఆ గడ్డి చావలేదురా. ఆ వానలకే లేచింది. ఇరవై రోజుల్లో."

సోమలింగం ఆ మాట వింటూ వేళ్లతో ఏదో లెక్క పెట్టుకున్నాడు.

"అయితే నేను ఈ ఇంట్లో సామాను సర్దుకునేటప్పటికే," అని ఆగిపోయాడు.

కోదండపాణి ఆయన్ని ఆ సాయంత్రమే వెంటబెట్టుకొచ్చాడు. ఎవరికి చూపించాలని ఆరేళ్లు అంత పచ్చగా పెంచాడో, ఆయనకు ఆ పచ్చదనం కనిపించలేదు. చెప్పులు విడిచి, మెల్లగా వంగి, అరచేత్తో తడిమి చూశాడు. "తడిగా ఉందిరా," అన్నాడు. ఇద్దరూ చీకటి పడేదాకా కూర్చున్నారు. ఆ తర్వాత వాళ్లకు దొరికినవి రెండే వానాకాలాలు.

మాస్టారు చెప్పడం ఆపారు. సుందరరామం మళ్లీ అడిగాడు.

"నా మనసులో ఏమీ లేదన్న సంగతి మా తమ్ముడికి ఈపాటికి తెలిసే ఉంటుంది కదండీ?"

మాస్టారు గూట్లో ఉన్న బస్సుల టైముల కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకున్నారు.

"అతను ఉండేది ఏ ఊరన్నావు?" అని అడిగారు.