లోవరాజు చీటీల చదువు

తుని దగ్గర కర్రివారి ఇంట్లో అందరికీ తమ తెలివి మీద మహా నమ్మకం. ఎందుకంటే వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారు, అక్షరం అటూ ఇటూ పోనివ్వరు. "ఉప్పు ముట్టుకోవద్దు" అని డాక్టరు చెప్పిన రోజు నుంచి అప్పలకొండ బాబాయి ఉప్పుని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. గరిటెతో వేసుకుంటాడు. "డాక్టరు మాటంటే మాటేరా" అంటాడు పైగా, మీసం దువ్వుకుంటూ.

ఆ ఇంటి పిల్లాడే లోవరాజు. కాకినాడ కాలేజీలో చదువుతూ చదువుతూ, జర్మన్ భాష నేర్చుకోవడానికి ఏకంగా జర్మనీయే వెళ్ళాడు. చివర్లో మాట్లాడే పరీక్ష ఒకటుంటుంది. పాసైతే అక్కడి కాలేజీలో సీటు, తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి. తల్లి నూకరత్నం మాత్రం అప్పుడే సీటు వచ్చేసిందని వీధంతా లడ్లు పంచేసింది. ఆ లడ్లు ఎవరెవరు తిన్నారో లోవరాజు రోజూ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు.

హెల్గా అవ్వ, ఓట్టో తాత అనే ముసలి దంపతుల ఇంట్లో అతనికి గది దొరికింది. మొదటి రోజే జర్మన్ క్లాసులో పంతులమ్మ చెప్పింది: "ఇంట్లో కనపడే ప్రతి వస్తువు మీదా దాని జర్మన్ పేరు చీటీ రాసి అంటించండి. చూసినప్పుడల్లా పైకి చదవండి. భాష దానంతటదే వస్తుంది."

లోవరాజు వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాడు.

"ప్రతి వస్తువూ అంటే ప్రతీదీనా బాబాయ్?"

"ప్రతీదీ అంటే ప్రతీదేరా. ఒక్క చెంచా వదిలేసినా పంతులమ్మ మాట తీసేసినట్టే."

"అయ్యో, అన్నం మెతుక్కి కూడా అంటించాలేటి? బిడ్డ తినేదెప్పుడూ?" అంది నూకరత్నం కంగారుగా.

"అక్కడ అన్నం వండరు వదినా, అన్నీ బంగాళాదుంపలే. పెద్దగా ఉంటాయి కదా, చీటీ బాగా పడుద్ది" అన్నాడు బాబాయి. చూశారా ముందుచూపు!

ఇంకేముంది. తలుపుకో చీటీ, కిటికీకో చీటీ, దుంప దుంపకీ ఒక చీటీ. సూపుకి ఎంత జిగురు రాసినా అంటుకోలేదు. చీటీని అందులోనే వేసి కలిపేశాడు. పిల్లికి వీపు మీద "పిల్లి" అనీ, తోక మీద "తోక" అనీ అంటించాడు. పిల్లి అటక ఎక్కి మళ్ళీ దిగలేదు. మిగిలింది ఓట్టో తాత. ఈయన మనిషా, వస్తువా అని లోవరాజు కాసేపు ఆలోచించాడు. కుర్చీలో కదలకుండా నిద్రపోతున్నాడు కాబట్టి వస్తువే అని తేల్చుకున్నాడు. అంతే! ముక్కు మీద "ముక్కు", బట్టతల మీద "బట్టతల". తాత నిద్ర లేచి, అలాగే రొట్టెల కొట్టుకి వెళ్ళొచ్చాడు. దారి పొడుగునా పిల్లలు అతన్ని పైకి చదువుకున్నారు.

హెల్గా అవ్వ నిప్పులు కక్కింది. "నా ఇంట్లో ఇంకొక్క చీటీ అంటించావంటే గది ఖాళీ చెయ్యాలి!" అంది.

లోవరాజు ఏడుపు గొంతుతో మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఇంట్లో వద్దన్నాదా, వీధిలో వద్దన్నాదా?" అని లాయర్లా అడిగాడు బాబాయి.

"ఇంట్లోనే."

"మరింకేటిరా! వీధంతా నీదే."

అంతే. బుట్టెడు చీటీలు, డబ్బాడు జిగురు పట్టుకుని లోవరాజు వీధిన పడ్డాడు. సైకిళ్ళు, బెంచీలు, కట్టేసిన కుక్కలు, ఏదీ వదల్లేదు. ఊళ్ళోకి దారి చూపించే బోర్డు కనపడింది. పెద్ద వస్తువుకి పెద్ద చీటీ ఉండాలి కదా! బాణం గుర్తూ ఊరి పేరూ మొత్తం కప్పేసేలా "బోర్డు" అని అంటించాడు. ఇంకేముంది, యాత్రికుల బస్సొకటి దారి తప్పి నేరుగా ఓట్టో తాత క్యాబేజీ మడిలోకి వచ్చి ఆగింది. దిగినవాళ్ళు చూడాల్సిన చోటు ఇదే కాబోలనుకుని క్యాబేజీల పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

పోలీసు వచ్చాడు. "ఈ ఊళ్ళో చీటీ అన్నది నా కంటికి కనపడకూడదు. అన్నీ పీకెయ్!" అన్నాడు.

అన్నీ అన్నాడు కదా. లోవరాజు తను అంటించినవే కాకుండా ఊళ్ళో ఉన్నవన్నీ పీకేశాడు. ఇళ్ళ కాలింగ్ బెల్లుల పక్కనున్న పేర్లు పోయాయి. ఏ ఉత్తరం ఎవరిదో తెలియక పోస్టుమాన్ మొత్తం సంచీ ఓట్టో తాత గుమ్మంలో బోర్లించి వెళ్ళిపోయాడు. వంటింట్లో డబ్బాల మీద పేర్లు పోయాయి. పంచదార అనుకుని హెల్గా అవ్వ బట్టల సబ్బుపొడి వేసి కేకు చేసింది. పొయ్యిలోంచి నురగ పొంగుకొచ్చి వరండా దాకా వచ్చింది. దాన్ని తుడవమంటే లోవరాజు దాని జర్మన్ పేరు ఏమిటని అడిగాడు. అవ్వ పళ్ళు కొరుకుతూ చెప్పిన పేర్లన్నీ అతనికి పెట్టినవే.

అయితే ఒక మేలు జరిగింది. అవ్వకీ, తాతకీ, పోలీసుకీ, పోస్టుమాన్‌కీ, వీధిలో ప్రతి ఇంటికీ పొద్దస్తమానం సంజాయిషీ చెప్పుకుని చెప్పుకుని, అతనికి జర్మన్ నీళ్ళలా వచ్చేసింది. ఆ సంగతి అతనికి మాత్రం తెలియదు. చీటీలన్నీ పోయాయి, ఇంక నా చదువు గంగలో కలిసినట్టే అని బెంగపడుతూనే పరీక్షకి వెళ్ళాడు.

గదిలో పరీక్ష పెట్టే మేడం ఒక్కతే ఉంది. ఆమెని చూడగానే లోవరాజుకి వీధంతా లడ్లు తింటున్నట్టు కళ్ళముందు కనపడింది. కుర్చీ అంచున కూర్చుని తలుపు వైపే చూశాడు. ఆమెకి పాపం జాలేసింది.

"ఎందుకయ్యా అంత భయం? ఇది పరీక్ష గది అన్న మాటే మర్చిపో. మీ ఇంట్లో ఉన్నాననుకో. నేను మంచినీళ్ళు తెస్తా" అని బయటికి వెళ్ళింది.

మీ ఇంట్లో ఉన్నాననుకో! ఎంత తేలిక! లోవరాజు బూట్లు తీసి గుమ్మం బయట పెట్టాడు. చొక్కా విప్పి కిటికీకి తగిలించాడు. ఇంట్లో ఒక్కడే ఉంటే గడియ పెట్టుకోమని అమ్మ చెబుతుంది కదా, గడియ పెట్టుకున్నాడు. బల్ల మీద హాయిగా నడుం వాల్చాడు. ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది.

"ఎవరండీ?" అన్నాడు చక్కటి జర్మన్‌లో.

"నేను! నీకు పరీక్ష పెట్టడానికి వచ్చాను. తలుపు తియ్యి!"

"భలేవారే! పరీక్షలు ఇళ్ళకొచ్చి పెడతారా ఎక్కడైనా? మా అమ్మ ముక్కూ మొహం తెలియనివాళ్ళకి తలుపు తియ్యొద్దంది. మీకేమన్నా కావాలంటే ఆ పక్కింట్లో అడగండి, మంచివాళ్ళు, కాఫీ కూడా ఇస్తారు."

బయట మేడం చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఒక్క తప్పు లేదు! ఇంత ధారగా మాట్లాడిన విద్యార్థిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. అప్పటికప్పుడు మార్కులు వేసేసి, అతని ఆటే తనూ ఆడుతూ, ఆ ఇంట్లోవాళ్ళకి కబురు చెబుతున్నట్టు మళ్ళీ తలుపు కొట్టింది.

"నాయనా, లోవరాజు పాసయ్యాడు! కాలేజీలో సీటు కూడా వచ్చినట్టే! ఆఫీసు మూసేస్తున్నారు, ఒక్క సంతకం పెడితే చాలు. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. త్వరగా లోవరాజుని బయటికి రమ్మను!"

ఆ మాట వినగానే లోవరాజు గుండె సంతోషంతో ఎగిరి గంతేసింది. బల్ల దిగి ఒక్క ఉరుకున తలుపు దగ్గరికి వచ్చాడు. గడియ మీద చెయ్యి కూడా వేశాడు. అంతలో ఆగి, చాలా బాధగా అన్నాడు:

"అయ్యయ్యో, ఎంత పనైందండీ! లోవరాజు ఇంట్లో లేడు. పరీక్షకెళ్ళాడు."