ఒంటికాలి పంతులు

అనగనగా ఒక అడవి, అడవిలో ఒక మడుగు, మడుగు గట్టున ఒక బడి. ఆ బడికి పంతులు ధవళయ్య అనే కొంగ. కుందేళ్లు, ఉడుతలు, ముళ్లపందులు, తాబేళ్లు తమ పిల్లల్ని అక్కడికే పంపేవి. కప్పలు మాత్రం పంపేవి కావు. ఎందుకో మీకు తెలుసు.

ధవళయ్య పాఠం బాగానే చెప్పేవాడు. కానీ ప్రశ్న అడిగాక జవాబు ఆ క్షణమే రావాలి. ఆలస్యమైతే ఆయనకు చిరాకు. చిటికి అనే ఉడుత పిల్ల ఉండగా ఆలస్యం ఎక్కడిది? ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది.

“శభాష్! అందరికీ వచ్చేసింది” అని పంతులు ముందుకు సాగిపోయేవాడు.

చివరి వరసలో కూర్మి అనే తాబేలు పిల్ల కూర్చునేది. అది ఆలోచించుకుని, డిప్పలోంచి మెడ బయట పెట్టేసరికి ప్రశ్న దాటిపోయేది. మొదటిసారి పంతులు చూడలేదు. రెండోసారి చూసి, “మొద్దూ, ఇప్పుడా చెప్పేది?” అన్నాడు. పిల్లలంతా నవ్వారు. మూడోసారి కూర్మి మెడ బయట పెట్టనే లేదు. ఆ తరవాత ఎప్పుడూ పెట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. మడుగు సగానికి దిగింది. ఒకరోజు ధవళయ్య కూర్మి తల్లిని పిలిపించాడు.

“చూడమ్మా, నీ బిడ్డకు చదువు అబ్బదు. రేపటి నుంచి పంపకు” అన్నాడు.

తల్లి తాబేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇంటి దగ్గర అన్నీ చెబుతుంది పంతులుగారూ. అడిగాక కాస్త ఆగితే చాలు.”

“ఆగాలా? నాకంత ఓపిక ఎక్కడిదమ్మా?”

“అదేంటండీ! ఒక్క చేప కోసం మీరు పొద్దుట నుంచీ ఒంటికాలి మీద నిలబడటం రోజూ చూస్తూనే ఉన్నాను. మా పిల్ల మాట ఆ చేపపాటి చెయ్యదా?”

ధవళయ్యకు సిగ్గేసింది. “రేపు కూడా పంపమ్మా” అన్నాడు.

మర్నాడు బడిలో, “మడుగు ఎండిపోతే మనం ఏం చెయ్యాలి?” అని అడిగాడు.

“ఏటికి పోవాలి!” అంది చిటికి.

“సరే. ఎప్పుడు బయల్దేరాలి? తొందరేం లేదు, అందరూ ఆలోచించండి” అని పంతులు ఒంటికాలి మీద నిలబడ్డాడు.

కుందేలు పిల్ల కిసుక్కుమంది. చిటికి తోక ఒక చోట నిలవలేదు. అది నోరు తెరవబోతే పంతులు రెక్క అడ్డం పెట్టాడు. ఇక లాభం లేదని కాలు దించబోతుండగా చివరి వరసలో డిప్ప కదిలింది. మెడ సగం బయటికి వచ్చి ఆగింది. పంతులు కదల్లేదు.

“ఈ రోజే పంతులుగారూ” అంది కూర్మి.

పిల్లలు నవ్వబోయారు. పంతులు వాళ్లను ఆపి, “ఎందుకమ్మా?” అన్నాడు.

“మీరు ఎగిరిపోతారు. చిటికికి ఒక్క పూట దారి. మాకు ఆరు రోజులు. నీళ్లు అయిపోయాక బయల్దేరితే మేం దారిలోనే చచ్చిపోతాం.”

ధవళయ్య ఎత్తిన కాలు గబుక్కున దించాడు. మడుగు ఎండాకే అందరినీ తీసుకుపోదామని ఆయన అనుకుంటున్నాడు. బడిలో సగం మంది మెల్లగా నడిచేవాళ్లేనని ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ సాయంత్రమే అంతా బయల్దేరారు. ఆరో రోజు పొద్దెక్కేసరికి కూర్మి, తల్లి ఏట్లోకి దిగారు. ధవళయ్య వెనక్కి ఎగిరి వెళ్లి చూశాడు. మడుగులో చుక్క నీరు లేదు. బురద నెర్రెలిచ్చి ఉంది.

ఏటి గట్టున మళ్లీ బడి పెట్టారు. మొదటి రోజు ధవళయ్య ప్రశ్న అడిగి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. చాలాసేపటికి ముళ్లపంది పిల్ల జవాబు చెప్పింది. అది ఏడాదిగా బడికి వస్తోంది. దాని గొంతు పంతులు వినడం మాత్రం అదే మొదటిసారి.

నీతి: ప్రశ్న అడిగే గురువుకు జవాబు కోసం ఆగే ఓపిక కూడా ఉండాలి.