నల్లులు లేని చుట్టం

మబ్బులు దిగే కొండ కొమ్మున, రాలిన ఆకుల మధ్య ఓ చిట్టెలుక చచ్చి పడింది. అందరికన్నా ముందు ఆ వాసన పట్టింది కొండమ్మ. చచ్చిన చిన్న జీవాల్ని మట్టిలో పాతిపెట్టి, ఆ గుంటలోనే పిల్లల్ని సాకే పెంకుపురుగు ఆమె. నల్లటి వీపు, దాని మీద రెండు నారింజ పట్టీలు. మొగుణ్ణి మొన్ననే కాకి ఎత్తుకుపోయింది. గుడ్లు పెట్టే వేళ ముంచుకొచ్చింది. ఈ ఎలుక చేజారితే ఇక ఆమెకి పిల్లలు లేనట్టే.

నీలిఈగ కన్నూ ఆ ఎలుక మీదే ఉంది. ఎలుక మట్టిలోకి పోయేలోగా దాని మీద తన గుడ్లు పెట్టేయాలి. అందుకని కిందికెళ్ళి, కంది పూలు తిని బతికే పూలరాజు అనే పెంకుపురుగుని పట్టుకుంది. వాడి వీపు మీదా అచ్చం అలాంటి పట్టీలే.

"నీ అందం కొండవాళ్ళు చూడొద్దూ? చుట్టాన్నని చెప్పి ఆవిణ్ణి కాసేపు కబుర్లలో పెట్టు చాలు" అంది. పొగడ్తకి పూలరాజు పొంగిపోయి ఎగిరొచ్చాడు.

"అక్కా, మీవాణ్ణే. సాయానికొచ్చా."

కొండమ్మకి ప్రాణం లేచొచ్చింది. "రా తమ్ముడూ. ఎక్కడుంటారు మీరు?"

"కింద కందిచేలల్లో. మనవాళ్ళు అక్కడ బోలెడుమంది."

ఆ వేడికి తమవాళ్ళు ఎవరూ అంత దిగువకి దిగరు. అయినా ఒంటరి చాకిరీకి భయపడి, అలవాటు పడ్డారేమోలే అని సర్దిచెప్పుకుంది.

"సరే, ఎలుక కిందికి దూరి కాళ్ళతో ఎత్తు. నేను మట్టి తోడతా."

"తొందరేముందక్కా, నాలుగు మాటలు చెప్పుకుందాం."

అవతలి పక్కన ఈగ గుట్టుగా గుడ్లు పెట్టుకుపోతోంది.

"నీ నల్లులు బాగున్నాయా?" అనడిగింది కొండమ్మ.

"ఛీ, నల్లులేంటక్కా? నా ఒంటిమీద ఒక్కటి కూడా ఉండదు. రోజూ మంచులో స్నానం చేస్తా."

కొండమ్మ జాతిలో ప్రతివాళ్ళ వీపు మీదా చిట్టి నల్లుల సంసారం ఉంటుంది. శవాన్ని ఆనుకుని నిలబడగానే అవి దిగి, ఈగ గుడ్లు ఏరుకు తింటాయి. అందుకే చుట్టాలు కలిస్తే పిల్లల కన్నా ముందు నల్లుల క్షేమం అడుగుతారు.

వీడు తమవాడు కాదని, ఏ ఈగ కోసమో తనని కబుర్లలో పెడుతున్నాడని కొండమ్మకి అర్థమైంది. తోడు దొరికిందని ఆశపడినందుకు ఆమెకి ఏడుపొచ్చింది. మింగేసి, ఎలుకని ఆనుకుని నిలబడింది.

"ఎంత శుభ్రమయ్యా నీది. ఆ స్నానం ఎలా చేస్తావో కాస్త వివరంగా చెప్పు."

పూలరాజు ఒక్కో కాలూ చూపిస్తూ మొదలుపెట్టాడు. కొండమ్మ వీపు మీంచి నల్లులు దిగి అవతలికి నడిచాయి. వాడు మీసాలు కడిగే పద్ధతికి వచ్చేసరికి ఈగ గుడ్లు ఒక్కటీ మిగల్లేదు.

"కబుర్లు చెప్పమంటే నా కొంప ముంచావు" అని ఈగ వాడి మీద పడింది.

"ఆవిడ ఇంకా చెప్పమంది, చెప్పాను" అన్నాడు పూలరాజు.

ఈగ కడుపులో మరో గుడ్డు లేదు. కొండమ్మ అప్పటికే ఎలుక కిందికి దూరి, ఒక్కతే మట్టి తోడుతోంది.

పట్టీలు చూసి చుట్టరికం కలుపుకోకూడదు, వీపు మీద ఎవర్ని మోస్తున్నాడో అడగాలి.