కుట్లమ్మ గుడిలో తెగిన వలలెందుకు?

సరుగుడు తోట దాటగానే, సముద్రం ఒడ్డునే కుట్లమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గోపురం లేదు. లోపల తాబేలు వీపులాంటి నల్లరాయి, పైన దూలానికి వేలాడే వల ముక్కలు. భక్తులు వాటిని తాకవచ్చు, తీసుకుపోకూడదు.

పూర్వం ఇక్కడ ఓలేసు, గన్నెమ్మ అనే అన్నాచెల్లెళ్లు ఉండేవారు. ఊరందరి వలలూ గన్నెమ్మే అల్లేది. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు వలలో పడితే, వల కొయ్యడం ఇష్టంలేక జాలర్లు వాటిని తెడ్డుతో కొట్టి చంపేవారు. ఓలేసు వద్దని బతిమాలాడు. కొర్లయ్య అనే జాలరి నవ్వాడు.

"వల కోసుకుంటే నా పిల్లలకి నువ్వెడతావేట్రా కూడు?"

ఆ మాటకు ఓలేసుకు రోషం వచ్చింది. కొర్లయ్య వేసిన వల దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి, కత్తితో ముక్కలు చేసి వచ్చాడు.

నాలుగు రోజులు కొర్లయ్య ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఐదోరోజు పదకొండు తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అది కొర్లయ్య పనే అనుకుని ఓలేసు ఈసారి మనిషి మీదికే కత్తి తీశాడు. గన్నెమ్మ అడ్డం వచ్చింది. ఒక తాబేలు మెడకు బిగుసుకున్న వల ముక్క విప్పి చూపించింది.

"అన్నా, ఈ ముడి నాది. కొర్లయ్య మావకి నేను అల్లిన వలే ఇది. కోసి నీళ్లలో ఒగ్గేసింది నువ్వు."

ఓలేసు చేతిలో కత్తి ఇసకలో పడింది.

మర్నాడు తెల్లవారుజామున అమ్మవారు గన్నెమ్మకు కలలో కనిపించి, "ఈ తాబేళ్లు నా బిడ్డలు, నీ సూదికి అప్పజెప్పాను" అంది. గన్నెమ్మ లేచి కొర్లయ్య ఇంటికి వెళ్లింది.

"మావా, తాబేలు పడితే నీ వల నువ్వే కొయ్యి. పొద్దు గూకేలోగా పైసా తీసుకోకుండా కుట్టి ఇస్తాను."

"రోజుకోటి పడితే?"

"రోజూ కుడతాను. మా అన్న దారం పడతాడు."

"ఆడి మొకం నేను సూడను!"

"సూడకు. వల సూసుకో."

వారం తర్వాత కొర్లయ్య మొదటి తాబేలును వదిలాడు. కోసిన ముక్కను నీళ్లలో పడేయకుండా ఒడ్డుకు తెచ్చాడు. గన్నెమ్మ పోయాక, ఆమె కుడుతూ కూర్చున్నచోట ఇసక కదిలి ఈ రాయి బయటపడింది; ఊరు దాన్నే కుట్లమ్మగా కొలిచింది.

ఇప్పటికీ తాబేలు కోసం వల కోసినవాళ్లు ఆ ముక్కను గుడిలో కడతారు. ఊరు ఆ రోజే వల కుట్టి ఇస్తుంది. దారం పట్టాల్సింది మాత్రం వల సొంతదారుతో మాటల్లేని మనిషే. కుట్టు పూర్తయ్యేదాకా ఆ ఇద్దరూ మాట్లాడుకోకుండా ఉన్నది ఇంతవరకు ఎవరూ చూడలేదు.