ఆకులమ్మ కొండకు మట్టి మోసిన బయ్యమ్మ

నల్లమల అంచున గుమ్మడిదొడ్డి ఊరు దాటగానే ఎదురయ్యే పచ్చని కొండమీద ఆకులమ్మ వెలసి ఉంది. బస్సు దిగి "గుడి ఏదయ్యా?" అని అడగని భక్తుడు లేడు. కింద నుంచి అడవే తప్ప అమ్మ కనిపించదు. అరగంట నడవాలి.

పూర్వం ఈ కొండ కింద బయ్యమ్మ అనే మేకల కాపరి ఉండేది. లేకలేక పుట్టిన ఆమె కూతురు నీలి ఏడేళ్లకే విషజ్వరంతో కన్నుమూసింది. ఊరి ఆచారం ప్రకారం బిడ్డను కొండవాలులో పూడ్చి, పైన రాళ్లు పేర్చారు. నాటి నుంచి బయ్యమ్మకు ముద్ద దిగలేదు. గడపలో కూర్చుంటే ఆ రాళ్లు కనపడేవి కావు. అడ్డంగా చెట్లు.

"ఆ చెట్లు కొట్టెయ్ రా ఓబయ్యా, నా బిడ్డను చూసుకోవాల" అని తమ్ముణ్ణి బతిమాలింది.

"కొండ ఒంటిమీద గుడ్డ లాగేసినట్టుంటాదక్కా" అన్నాడు ఓబయ్య. అయినా అక్క కన్నీళ్లకు కరిగి గొడ్డలి పట్టాడు. ఆ వేసవంతా ఆమె గడప దిగకుండా కళ్లారా చూసుకుంది.

ఆపైన మూడు రోజులు ముసురు పట్టింది. బోడివాలును వాన కోసేసింది, వంక ఎర్రగా పారింది. సమాధి రాళ్లు దొర్లిపోయి, సగం మట్టి కొట్టుకుపోయింది. బయ్యమ్మ గుండెలు బాదుకుంటూ వంకలోని ఒండ్రును గంపకెత్తి కొండమీద పోసింది. మళ్లీ వాన, మళ్లీ గంప. మూడోసారి అక్కడే సొమ్మసిల్లింది. ఆ మిట్టమధ్యాహ్నపు కలలో ఆకులు కట్టుకున్న తల్లి కనిపించింది.

"మట్టి మోసేదానికి నువ్వుండావు, పట్టుకునేదానికి వేర్లేవే? నీకు చూపు కావాల్నా, బిడ్డ నిలవాల్నా?"

మెలకువ వచ్చేసరికి పక్కన ఆకులు కప్పిన రాయి ఉంది. అదే నేటి మూలమూర్తి. మొలకలను మేస్తాయని బయ్యమ్మ ప్రాణంలాంటి మేకలను వదులుకుని, వాలంతా మద్ది, నేరేడు, ఏగి చెట్ల గింజలు నాటింది. రాలిన ఆకు వాన దెబ్బను కాచింది, వేర్లు మట్టిని పట్టాయి. మొక్కలు ఎదిగేకొద్దీ సమాధి మరుగవుతూ వచ్చింది. ఆఖరి రాయి కూడా ఆకుల చాటుకు పోయిన రోజున ఆమె గడపలో నిలబడి, "కనపడకపోతే ఏమమ్మా, ఉండావు కదా" అని బోరున ఏడ్చిందట.

నేటికీ భక్తులు వంకలో దోసెడు మట్టి తీసి, పోయిన తమవారిని తలచుకుంటూ మోసుకెళ్లి చెట్టు మొదట్లో పోస్తారు. రాలిన ఆకును ఊడ్చకూడదు. చీపురు పట్టే భక్తికి ఇక్కడ చోటు లేదు. పోయినవారిని తెచ్చి చూపిస్తానని ఆకులమ్మ ఎవరికీ మాట ఇవ్వదు. వారు పడుకున్న చోటు చెదరకుండా కాస్తుంది. అంతమాత్రానికే ఏటా ఎందరో తల్లులు ఈ కొండ ఎక్కుతున్నారు.