చిన్న శబ్దం కూడా లేకుండా

మా ఇంటి మగాళ్ళ తెలివి గురించి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళే చెబుతారు. "చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళం ఈ జిల్లా మొత్తం మీద మేమిద్దరమే" అంటారు మా ఆయన కామేశం, మా మరిది సోమలింగం.

మా అమ్మాయి హైమ ఇంటర్నెట్ రేడియోలో మొదటిసారి పాడుతోంది, ఆదివారం పదింటికి. అది వినాలి. నా కోరికల్లా అదే.

పొద్దున్నే ఫోన్ చేసింది. "నాన్నా, కంప్యూటర్లో గొంతు మరీ సన్నగా వస్తుంది. అటక మీది పాత స్పీకర్లు దింపి ఆంప్లిఫయర్‌కి తగిలించండి. ఎర్ర వైరు ఎర్రదానికి, నల్ల వైరు నల్లదానికి. గోడకి దగ్గరగా పెట్టకండి. స్పీకర్లూ మీ చెవులూ ఒకే ఎత్తులో ఉండాలి. వినేటప్పుడు ఇంట్లో చిన్న శబ్దం కూడా ఉండకూడదు."

ఇంకేముంది! స్పీకర్లు దిగి బీరువా ఎక్కాయి.

"మనింట్లో అన్నిటికన్నా ఎర్రది ఏదిరా?"

"ఆవకాయ, అన్నయ్యా."

అంతే. ఎర్ర వైర్లు జాడీలో ముంచారు. నల్లవి గొడుక్కి కట్టారు. నేను నూనె తుడిచి, ఆంప్లిఫయర్ వెనక బిగించాను.

"బీరువా గోడకి దగ్గరగా ఉందే!" అన్నారు ఈయన.

సోమలింగం గునపం తెచ్చాడు. "బీరువా మహా బరువు వదినా. గోడ తీసెయ్యడమే తేలిక."

ఒక్క పోటుకి పెచ్చు ఊడింది. రెండో పోటుకి అడ్డంగా నిలబడ్డాను. చివరికి బీరువానే లాగాం.

ఇక చెవులు. మా అత్తగారిని కుర్చీతో సహా ఎత్తి భోజనాల బల్ల మీద పెట్టారు.

"ఒరే, నా తల ఫ్యానులో పెడతార్రా!"

"భయపడకమ్మా. శబ్దం చేస్తుంది కదా, ఎలాగూ ఆపేస్తాం."

ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ఆపారు. గోడ గడియారం ఊడదీశారు. దగ్గకుండా అత్తగారి నోట్లో పటికబెల్లం కుక్కారు. ఇద్దరూ చెరో స్టూలు ఎక్కారు. నేను కిందే కూర్చున్నాను.

పదయింది. హైమ పేరు చెప్పారు. రాగం అందుకుంది నా తల్లి. గది నిండిపోయింది.

"ఉష్! ఇంకా ఎక్కడో శబ్దం వస్తోందిరా!"

"ఆ రెండు పెట్టెల్లోంచే, అన్నయ్యా!"

అంతే. నేను లేచేలోపు ప్లగ్గు పీకేశాడు.

స్టూళ్ళ మీద కళ్ళు మూసుకుని, అరగంట సేపు తలలూపారు. నన్ను కదలనిస్తేగా!

ఫోన్ మోగింది. "ఎలా ఉంది నాన్నా?"

"అద్భుతం తల్లీ! మొదట్లో కాస్త గోల వచ్చింది, బాబాయి ఆపేశాడు. ఆ తర్వాత చీమ చిటుక్కుమంటే ఒట్టు!"