అట్ల కొట్టు, కొత్వాలు డప్పు

పేరమ్మ బజారులో అట్ల కొట్టు పెట్టి నెల కావస్తోంది. నెలలో పుంజుకోని కొట్టుకి చోటు తీసేయడం ఆ రాజ్యంలో కట్టడి. పుంజుకుందో లేదో తేల్చేవాడు కొత్వాలు రణభైరవుడు. ఆయన కదిలితే ముందు డప్పు మోగాలి. డప్పు వినబడితే జనం సందుల్లోకి తప్పుకోవాలి.

ఆ పొద్దు డప్పు వినబడగానే తింటున్నవాళ్ళు విస్తరాకులతో సహా మాయమయ్యారు.

"ఎప్పుడొచ్చినా ఖాళీయే. రేపు కొట్టు ఎత్తెయ్," అన్నాడు కొత్వాలు.

పేరమ్మ మాడుతున్న అట్టుని తిరగేస్తూనే అడిగింది. "అయ్యా, రాత్రి గస్తీకీ ఈ డప్పుతోనే వెళ్తారా?"

"మరి? నా హోదా ఏం కావాలి?"

"దొంగ ఎవడైనా ఎదురుపడ్డాడా?"

"ఇంతవరకూ ఒక్కడూ లేడు," అన్నాడు మీసం దువ్వుతూ.

"అయితే రాజుగారికి మనవి చేసుకుంటాను. నా కొట్టుకి జనం లేరు, తమరి ఊళ్ళో దొంగలు లేరు. నా కొట్టూ తమరి కొలువూ రేపు ఒకేసారి ఎత్తేయించమంటాను."

కొత్వాలు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

మర్నాడు డప్పు మోగలేదు. కొత్వాలు ఒక్కడే వచ్చాడు. జనాన్ని తోసుకుని ఆయన చేతికి అట్టు అందేసరికి పొద్దు నడినెత్తికెక్కింది.